పరదేశంలో పాఠం, స్వదేశంలో లోపించిన హక్కు: అరసవల్లి నుంచి చూసిన ప్రవాస ఆంగ్లోపాధ్యాయుల స్థితి

సారాంశం: విదేశాలలో ఆంగ్లం బోధించే ఉపాధ్యాయులు సంఘటితం కాలేకపోవడానికి ఆతిథ్య దేశాల చట్టాలనే కారణంగా చూపడం పరిపాటి. ఆ హక్కుల లేమి స్వదేశంలోనే, అందునా ఉపాధ్యాయుల విద్యార్హత మూలంగానే మొదలవుతున్నదని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ప్రవాస ఉపాధ్యాయులు, వలస అనుమతి, సంఘ నిర్మాణ హక్కు, ఉత్తరాంధ్ర, జపాను

ఉపోద్ఘాతం

ఉత్తరాంధ్రకు వలస కొత్త కాదు. బ్రిటిషు పాలనలో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలాదిమంది కూలీలు ఓడలెక్కి రంగూను చేరారు. నేడు సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం ప్రాంతాల యువకులు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫు దేశాలకు వెళ్తున్నారు. వలసపై చర్చ జరిగినప్పుడల్లా వీరి కష్టాలే ముందుకు వస్తాయి, రావడం న్యాయమే. అదే విమానంలో సుద్దముక్క పట్టే చేయి కూడా ప్రయాణిస్తుందన్న సంగతి మాత్రం అంతగా చర్చకు రాదు.

సూర్యక్షేత్రంగా పేరొందిన అరసవల్లి శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకొని ఉన్నది. సమీపంలోని ఎచ్చెర్లలో 2008లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఈ పరిసరాలలో ఆంగ్లంలో ఎం.ఏ., ఆపైన బి.ఎడ్. పూర్తిచేసి, గల్ఫులోని ఒక ప్రైవేటు పాఠశాలలో ఉద్యోగం పొందిన ఉపాధ్యాయినిని ఊహించుకుందాం. ఆమె పక్కన పదవ తరగతి ఉత్తీర్ణుడు కాని సోంపేట వెల్డరును నిలుపుదాం. వీరిలో ప్రభుత్వ రక్షణ ఎవరికి ఎక్కువ? చాలామంది ఉపాధ్యాయిని పేరే చెబుతారు. చట్టం చెప్పే సమాధానం వేరు.

చదువు తొలగించే రక్షణ

1983 నాటి వలసల చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం విదేశీ ఉద్యోగానికి వెళ్లే పౌరుడు వలస సంరక్షణాధికారి అనుమతి పొందాలి. కాలక్రమంలో ఈ నిబంధన నుంచి అనేక వర్గాలకు మినహాయింపు లభించింది. వాటిలో ముఖ్యమైనది పదవ తరగతి ఉత్తీర్ణత. వాడుకలో ఇ.సి.ఎన్.ఆర్. అని పిలిచే పాస్‌పోర్టు ఈ మినహాయింపు ఫలితమే. ప్రస్తుతం ఈ అనుమతి అవసరమయ్యేది ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఉన్నవారికే, అదీ గల్ఫు దేశాలు, మలేషియా తదితర 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లేటప్పుడు మాత్రమే.

సోంపేట వెల్డరు ఈ తనిఖీకి లోబడతాడు. అతని ఉద్యోగ ఒప్పందం ఇ-మైగ్రేట్ వ్యవస్థలో నమోదవుతుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన అతనికి తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షల రూపాయల ప్రమాద బీమా లభిస్తుంది. ఆచరణలో ఈ రక్షణలకు ఎన్నో చిల్లులున్నవి. అయినా దేశం దాటేలోగా అతని ఒప్పందాన్ని ఒక ప్రభుత్వాధికారి చూడవలసిన ఘట్టం ఒకటి ఉన్నది. అరసవల్లి ఉపాధ్యాయినికి ఆ ఘట్టమే లేదు. ఏజెంట్లు ప్రభుత్వం వద్ద నమోదు కావాలన్న నియమం ఉన్నా, ఒప్పందాన్ని ఎవరూ అడగని చోట ఆ నియమం అమలును పట్టించుకునేదెవరు? చేతికిచ్చిన కాగితంలో ఒక జీతం, అక్కడికి చేరాక మరొక జీతం ఉంటే పోల్చిచూడడానికి ప్రభుత్వం వద్ద మొదటి కాగితం ఉండదు.

చదువుకున్నవారు తమ మేలు తామే చూసుకోగలరన్నది ఈ మినహాయింపు వెనుక ఉన్న భావన. ఆ భావన నిలవదని ప్రభుత్వమే ఒక సందర్భంలో అంగీకరించింది. ఏజెంట్ల దోపిడీపై ఫిర్యాదులు పెరగడంతో 2015లో నర్సులకు, వారి పాస్‌పోర్టు ఏదైనప్పటికీ, ఆ 18 దేశాల విషయంలో వలస అనుమతిని తప్పనిసరి చేసింది. ఉపాధ్యాయులకు అటువంటి ఏర్పాటు జరగలేదు. ఇ.సి.ఎన్.ఆర్. ఉద్యోగులందరూ ప్రయాణానికి ముందు వివరాలు నమోదు చేయాలని 2018 నవంబరులో విదేశాంగ శాఖ ప్రకటించింది. 2019 జనవరి నుంచి అమలు కావలసిన ఆ ఉత్తర్వును అదే నెలలో నిలిపివేసింది. ఇబ్బందిలో పడినవారు ఫిర్యాదు చేయడానికి 2015లో ప్రారంభమైన ‘మదద్’ పోర్టల్ అందరికీ అందుబాటులో ఉన్న మాట నిజం. అయితే అది నష్టం జరిగిన తరువాతి మార్గం.

గౌరవం, కార్మికత్వం

ఉపాధ్యాయ ఉద్యమం ఆంధ్రదేశంలో బలమైనది. ఉపాధ్యాయ సమాఖ్య, 1974లో ఏర్పడిన యు.టి.ఎఫ్. వంటి సంఘాలు జీతభత్యాలకే పరిమితం కాకుండా విద్యావిధానంపై కూడా పోరాడాయి. రాజ్యాంగంలోని 171వ అధికరణం ఉపాధ్యాయులకు శాసనమండలిలో ప్రత్యేక స్థానాలు కల్పించింది. 2007లో మండలి పునరుద్ధరణ తరువాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ఉపాధ్యాయులు తమ ప్రతినిధిని తామే ఎన్నుకుంటున్నారు. వృత్తి పేరిట ఓటు కలిగి ఉండడం అరుదైన సౌకర్యం.

ఈ చిత్రానికి రెండవ వైపు కూడా ఉన్నది. సంఘాల బలమంతా ప్రధానంగా ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలది. విదేశీ కొలువు వెతికేది ఎక్కువగా ఆ ఉద్యోగాలు దొరకక ప్రైవేటు సంస్థలలో పనిచేసేవారు. వారి విషయంలో 1988 నాటి సుందరాంబాళ్ కేసు తీర్పు కీలకమైనది. గోవాలో ఉద్యోగం కోల్పోయిన ఒక ఉపాధ్యాయిని 1947 పారిశ్రామిక వివాదాల చట్టాన్ని ఆశ్రయించగా, విద్యాసంస్థ ‘పరిశ్రమ’ అయినప్పటికీ ఉపాధ్యాయురాలు ‘కార్మికురాలు’ కాదని సుప్రీంకోర్టు తేల్చింది. బోధన ఉదాత్తమైన వృత్తి గనుక దానిని శారీరక శ్రమగానో గుమాస్తా పనిగానో పరిగణించలేమన్నది అందులోని తర్కం. అదే పాఠశాలలోని గుమాస్తాకు దక్కే చట్టరక్షణ గౌరవం పేరిట ఉపాధ్యాయురాలికి దక్కకుండా పోయింది. 2020 పారిశ్రామిక సంబంధాల స్మృతి కూడా కార్మిక నిర్వచనంలో పాత్రికేయులను, విక్రయ ప్రచార ఉద్యోగులను పేరుపెట్టి చేర్చింది గాని ఉపాధ్యాయులను చేర్చలేదు. తాను శ్రామికురాలినన్న గుర్తింపు ఇంటివద్దే లభించని వ్యక్తి పరాయిదేశంలో సంఘం పెట్టగలదని ఆశించడం అత్యాశ.

వీసాతో ముడిపడని హక్కు

ఆతిథ్య దేశాల పరిస్థితి ఒకే తీరుగా లేదు. యు.ఎ.ఇ.లో కార్మిక సంఘాలకు తావే లేదు. ఖతర్ 2004 కార్మిక చట్టం సంఘ సభ్యత్వాన్ని తన పౌరులకే పరిమితం చేసింది. బహ్రెయిన్ 2002లో సంఘాలను అనుమతించి విదేశీయులను కూడా చేరనిచ్చింది. అయితే వీసా యజమాని చేతిలో ఉన్నంతకాలం కాగితంపై హక్కు ఎంతవరకు పనికివస్తుందన్నది వేరే ప్రశ్న.

ఈ ప్రశ్నకు భిన్నమైన సమాధానం జపానులో కనిపిస్తుంది. ఆ దేశ రాజ్యాంగంలోని 28వ అధికరణం శ్రామికులకు సంఘటితమయ్యే హక్కునిస్తుంది. సంఘ చట్టం జాతీయతను బట్టి భేదం చూపదు. 1991లో ఒసాకాలో ఏర్పడిన జనరల్ యూనియన్ భాషా పాఠశాలల్లోని విదేశీ ఉపాధ్యాయులను కూడగట్టింది. 2007 అక్టోబరులో ‘నోవా’ అనే అతిపెద్ద ఆంగ్ల శిక్షణ సంస్థ దివాలా తీసినప్పుడు వేలాది విదేశీ ఉపాధ్యాయులు జీతాలందక వీధిన పడ్డారు. వారిలో పలువురు సంస్థ ఏర్పాటు చేసిన ఇళ్లలోనే ఉండేవారు. ఉద్యోగంతోపాటు నీడ కూడా ప్రమాదంలో పడింది. బకాయి జీతాల కోసం గొంతెత్తిన వేదికలు అప్పటికే ఉన్న ఆ సంఘాలే. అదే ఏడాది డిసెంబరులో ‘బెర్లిట్జ్’ ఉపాధ్యాయులు జీతాల పెంపు కోరుతూ సమ్మె ప్రారంభించారు. సంస్థ 11 కోట్ల యెన్‌ల నష్టపరిహారం కోరుతూ వారి సంఘంపై దావా వేసింది. 2012 ఫిబ్రవరిలో టోక్యో జిల్లా న్యాయస్థానం దానిని కొట్టివేసింది. సమ్మె చేసినవారు విదేశీయులన్న విషయం వారి హక్కును తగ్గించలేదు. దక్షిణ కొరియాలోనూ, పదేళ్ల న్యాయపోరాటం తరువాత, పత్రాలు లేని వలస కార్మికులకు సైతం సంఘ హక్కు ఉన్నదని 2015లో సుప్రీంకోర్టు ప్రకటించింది.

ఈ విజయాలను యథాతథంగా మనవారికి అన్వయించడం పొరపాటు. జపానులో సమ్మెకు దిగినవారిలో అధికులు ఆంగ్లం మాతృభాషగా గల సంపన్న దేశాల పౌరులు. ఉద్యోగం పోతే తిరుగు ప్రయాణమే వారికి నష్టం. ఏజెంటుకు అప్పుచేసి కట్టిన సొమ్ము వెంటాడదు. కొరియా భాషాబోధన వీసా ఆంగ్లానికి సంబంధించి ఏడు దేశాల పౌరులకే పరిమితం. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్-కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం భారతీయులకు సహాయక ఆంగ్లోపాధ్యాయులుగా అవకాశం కల్పించింది. పాఠం ఒకటే అయినా బోధించేవారి పాస్‌పోర్టును బట్టి విలువ మారుతున్నది.

కామన్వెల్త్ దేశాల విద్యామంత్రులు 2004లో ఆమోదించిన ఉపాధ్యాయ నియామక నియమావళి వలస ఉపాధ్యాయులకు స్థానిక ఉపాధ్యాయులతో సమానమైన స్థితిని కోరింది. అది చట్టబద్ధంగా కట్టుబడవలసిన పత్రం కాదు; పైగా గల్ఫు దేశాలు కామన్వెల్త్‌లో లేవు. కనుక ప్రస్తుతానికి దగ్గరి మార్గం రెండు స్వదేశీ చర్యలలోనే ఉన్నది: నర్సులకు కల్పించిన తనిఖీని ఉపాధ్యాయులకు విస్తరించడం, ప్రవాసంలో ఉన్నప్పటికీ ఉపాధ్యాయులను సభ్యులుగా కొనసాగించేలా ఇక్కడి సంఘాలు తమ నిబంధనలను సవరించడం. రెండవదానికి ప్రభుత్వ అనుమతి కూడా అక్కరలేదు. మండలి ఓటుహక్కు సంగతి మాత్రం అలా కాదు. ఓటరుగా నమోదు కావాలంటే గడచిన ఆరేళ్లలో కనీసం మూడేళ్లు రాష్ట్రంలోని గుర్తించిన విద్యాసంస్థలో బోధించి ఉండాలి. విదేశంలో నాలుగేళ్లు పాఠం చెప్పి అరసవల్లి తిరిగివచ్చిన ఉపాధ్యాయినికి ఆ అర్హత మిగలదు.