కావేరి మహసీర్ – పుట్టి నడిపినవారి లెక్కల పుస్తకం

ఎల్.టి.సి.పై బెంగుళూరు, మైసూరు చూసివచ్చే మన సహోద్యోగులలో శివనసముద్రం జలపాతం దాకా వెళ్ళినవారు చాలామందే ఉంటారు. ఆ జలపాతానికి దిగువన, కావేరి అడవుల నడుమ సాగే తావున భీమేశ్వరి, గాలిబోరె అనే మకాములున్నాయి. ఒకప్పుడు దేశదేశాల గాలపు వేటగాండ్రు అక్కడికి వచ్చినది ఒకే ఒక చేప కోసం. అదే మహసీర్. 1946లో కావేరి ఉపనది అయిన కబినిలో మైసూరు వాస్తవ్యుడు వాన్ ఇంగెన్ పట్టిన మహసీర్ 120 పౌండ్లు, అనగా దాదాపు 54 కిలోలు తూగింది.

ఇంతటి చేప పరదేశికి ఒంటరిగా చిక్కదు. ఏ మడుగులో అది ఏ వేళ మేతకు వస్తుందో ఎరిగిన స్థానికుడే పుట్టి నడపాలి, రాగిపిండి ఉడికించి ఎర ముద్ద చేయాలి. (మన సంకటికి అది దగ్గరి చుట్టమే!) ఈ మార్గదర్శకులలో కొందరు అంతకుముందు దొంగచాటుగా చేపలు పట్టినవారు. అక్కడ శిబిరాలు నడిపిన సంస్థలు వారిని జీతానికి పెట్టుకొని ఒక కట్టుబాటు విధించాయి. పట్టిన చేపను తూచి, పుస్తకంలో వ్రాసి, ప్రాణంతో తిరిగి నీటిలో విడువవలెను. చేప బ్రతికితేనే మరుసటి ఏడాది వారి బ్రతుకు. వల వేసేవారిపై, తోటాలు పేల్చేవారిపై వారికంటె మంచి కాపలాదారులు ఎక్కడ దొరుకుతారు?

ఆ పుస్తకమే తరువాత శాస్త్రజ్ఞులకు ఉపయోగపడింది. గాలిబోరెలో 1998 నుండి 2012 వరకు 23,620 గంటల వేటలో 6,161 మహసీర్లు చిక్కినట్లు తేలింది. ఏటేటా చిక్కే చేపల సంఖ్య పెరిగింది, సగటు బరువు తగ్గింది. పైకి శుభవార్తే. కాని పెరిగినది నీలి రెక్కల మహసీర్. కావేరి సొంత బిడ్డ అయిన మూపురపు మహసీర్ కనుమరుగవుతూ వచ్చింది. ఈ నీలి రెక్కల చేప కృష్ణా ఉపనదులది. లోనావ్లా వద్ద టాటా విద్యుత్ సంస్థ 1970 దశకం నుండి దానిని పెంచి, దాని పిల్లలను ఇతర నదులకూ పంపింది. ఉద్దేశం మంచిదే, నది మాత్రం వేరు.

2012తో అభయారణ్యంలో గాలపు వేట నిలిచిపోయింది. మార్గదర్శకుల కొలువులూ, పుస్తకంలో వ్రాతా దానితోనే ఆగిపోయాయి. అభయారణ్యపు నియమాన్ని తప్పుపట్టలేము. అయితే విడిచిపెట్టే గాలానికీ, మోసుకుపోయే వలకూ అది భేదం చూపలేదని ఈ రచయిత అభిప్రాయం. గాలాల సంఖ్యకు పరిమితి విధించి, గుడ్లు పెట్టే కాలంలో వేట మాన్పించి, పట్టిన చేప ఏ జాతిదో వ్రాసే బాధ్యతను మార్గదర్శకులకే అప్పగించి ఉండవచ్చును.

మూపురపు మహసీర్‌కు టోర్ రెమదేవీ అనే శాస్త్రీయ నామం ఖరారయినది 2018లో. విలుప్తమయ్యే ప్రమాదం అత్యధికంగా ఉన్న ప్రాణుల జాబితాలో అది చేరినదీ ఆ ఏడే. అప్పటికి ఆ చేప పరిశోధకులకు ముఖ్యంగా కనిపించినది మోయార్ నదిలో.