పెరటి పందిరిపై కివీ కాసేనా?
మొక్క కొనే ముందు నాలుగు మాటలు

(మా విలేకరి)

గోదావరి జిల్లాల పల్లెల్లోకి మైకు కట్టిన ఆటో వచ్చిందంటే ఇల్లాళ్లు గుమ్మాల్లోకి వస్తారు. "కివీ మొక్కలండీ! ఒక్క మొక్క వేస్తే ఇంటిల్లిపాదికీ పళ్లు" అని కేక. మొక్క పక్కన గోధుమరంగు నూగుతో, కోస్తే పచ్చగా ఉండే పండు బొమ్మ. డెంగ్యూ జ్వరాల రోజుల్లో ఒక్కో పండునూ లెక్కబెట్టి కొన్నవారికి ఆ బొమ్మ చూస్తే ఆశ పుట్టడం సహజమే.

అలా ఆశపడిన ఒక ఇల్లాలు తన అనుభవం చెప్పారు. "రెండు మొక్కలు ఏడు వందలు పెట్టి కొన్నానండి. మావారు గొయ్యి తీసి, గత్తం వేసి, సరుగుడు కర్రలతో పందిరి కట్టారు. నీళ్లకు లోటు చెయ్యలేదు. మొదటి వేసవికే ఆకుల అంచులు మాడిపోయాయి. రెండో వేసవి గట్టెక్కలేదు. ఇప్పుడు ఆ పందిరి మీద ఆనపపాదు పాకించాను."

తప్పు ఆమె చేతిది కాదు. మన వాతావరణం ఆ మొక్కకు సరిపడదు.

చలిదేశపు తీగ

కివీ పుట్టిల్లు చైనా. 1904లో ఒక ఉపాధ్యాయురాలు అక్కడినుంచి గింజలు న్యూజిలాండ్ తీసుకువెళ్లారు. అక్కడివారు 1959లో తమ దేశపు కివీ పక్షి పేరును పండుకు పెట్టి పై దేశాలకు అమ్మారు. మన దేశంలో మొదట బెంగుళూరు లాల్‌బాగ్ తోటలో నాటి చూశారు. తీగ పెరిగింది గాని కాపు లేదు. 1963లో సిమ్లా కొండల్లో నాటితే 1969లో కాసింది. ఇప్పుడు హిమాచల్, ఉత్తరాఖండ్, సిక్కిం, నాగాలాండ్, అరుణాచల్ కొండల్లో రైతులు దీన్ని పండిస్తున్నారు.

కారణం చలి. శీతాకాలంలో ఈ తీగ ఆకు రాల్చి నిద్రపోవాలి. 7 డిగ్రీలకు లోబడిన చలి కొన్ని వందల గంటలు తగిలితేనే మొగ్గ విచ్చి పూత వస్తుంది. పేరున్న హేవార్డ్ రకానికి ఇంకా ఎక్కువ చలి కావాలి. మనకు భోగిమంట వేసే రోజుల్లో కూడా రాత్రి 15 డిగ్రీల కిందకు దిగడం అరుదు. బెంగుళూరు చల్లదనమే చాలని తీగకు మన చలి ఏపాటి? పైగా మన మే నెల ఎండకు దాని ఆకు ఆగదు.

ఒంటి మొక్క కాయదు

ఇంకొక సంగతి అమ్మేవారు చెప్పరు. బొప్పాయిలో చూస్తామే, అలాగే కివీలోనూ మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. కొండ ప్రాంతాల తోటల్లో ఎనిమిది, తొమ్మిది ఆడ మొక్కలకు ఒక మగ మొక్క నాటుతారు. మగది లేకపోతే ఆడది కాయదు. గింజతో మొలిచిన మొక్క ఏదో పూత వచ్చేదాకా తెలియదు. అందుకు ఏళ్లు పడుతుంది. అంటు మొక్కయితే అనువైన చోట మూడు నాలుగేళ్లకు కాపుకు వస్తుంది.

కనుక "ఒక్క మొక్క చాలు" అన్నవారి దగ్గర కొనకపోవడమే మేలు. ఏ పండు మొక్క కొన్నా రకం పేరు, అంటు కట్టిన చోటు, మగ ఆడ తేడా అడగాలి. రసీదు తీసుకోవాలి. కొత్త మొక్కయితే మన జిల్లాలో ఎక్కడ కాసిందో చూపించమనాలి. ఉద్యాన అధికారిని ఒక మాట అడిగినా నష్టం లేదు.

మన జామ ఉండగా

కివీ మంచి పండే. అందులో సి విటమిన్ బాగా ఉంది. కాని మన జామకాయలో అంతకు రెట్టింపు ఉంది. డెంగ్యూ వస్తే కావలసింది వైద్యుని పర్యవేక్షణ. పండు మందు కాదు. మంచి జామ అంటు పెరట్లో వేస్తే రెండు మూడేళ్లలో పిల్లలు చెట్టెక్కి కోసుకుంటారు.

కివీ తినాలనిపిస్తే బజారులో కొనుక్కోవచ్చు. గట్టిగా ఉంటే అరటిపళ్ల పక్కన పెడితే మెత్తబడుతుంది. పెరట్లో చోటు మాత్రం మన నేల ఎరిగిన చెట్టుకే ఇవ్వడం మంచిది.