పందెం లేని ఆట... దారి వెతికే ఆట!

పలాస: గుంటడు ఫోను పట్టుకుని మూల కూర్చుంటే ఏ పందెంలో దిగాడోనని తల్లిదండ్రులు హడలిపోతున్న రోజులివి. ఆ భయం అకారణం కాదు. రమ్మీ ఆడి అప్పులపాలైన వారి సంగతులు పత్రికల్లో ఎన్నో వచ్చాయి. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2020లో సవరించి ఆన్‌లైన్ పేకాటను నిషేధించింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. వాటిని నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా తప్పవు.

అయితే ఆటలన్నీ ఒక్క తానులో గుడ్డలు కావు. పైసా పందెం లేకుండా, బుర్రకు పని పెట్టే ఆటలూ ఉన్నాయి.

ఒక్కడి కష్టం

అలాంటి వాటిలో చెప్పుకోదగ్గది ‘కేవ్ స్టోరీ’. అంటే గుహ కథ. జపాన్‌కు చెందిన దైసుకే అమయ తీరిక వేళల్లో అయిదేళ్లు శ్రమపడి దీన్ని తయారుచేశారు. బొమ్మలు, సంగీతం, కథ అన్నీ ఆయనవే. 2004లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. ఆ తొలి కూర్పు పాత కంప్యూటరులో సైతం ఆడుతుంది.

ఆకాశంలో తేలే దీవి. దాని గుహలో గతం మరచిన కథానాయకుడు మేల్కొంటాడు. అక్కడ కుందేళ్లను పోలిన అమాయకపు జీవులుంటాయి. వాటికి ఎర్ర పువ్వులు తినిపించి, పిచ్చెక్కించి, తన సైన్యంగా మార్చుకోవాలని ఒక డాక్టరు పన్నాగం. ఆ జీవులను కాపాడటమే ఆట.

గెంతుతూ దారి కనిపెట్టాలి. దెబ్బ తగిలితే చేతిలోని ఆయుధం బలం తగ్గుతుంది. చనిపోతే గుర్తు పెట్టుకున్న చోటు నుంచి మళ్లీ మొదలు. మధ్యలో తోడు దొరికినవాడితో దీవి వదిలి పారిపోవచ్చు కూడా. అప్పుడు ఆట ముగుస్తుంది కానీ ఆ జీవుల కష్టం తీరదు. ఉండాలా, పోవాలా అన్నది ఆడేవాడే తేల్చుకోవాలి.

మనకు కొత్తేమీ కాదు

ఉద్దానం వారికి ఈ సరదా తెలియనిది కాదు. ఏ గట్టు దాటితే ఏ బావి వస్తుందో, ఏ డొంక ఏ ఊరికి పోతుందో జీడి, కొబ్బరి తోటల్లో తిరిగి తెలుసుకున్నవారే మన పెద్దలు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు ఆ తోటలు ఘోరంగా దెబ్బతిన్నాయి. అయినా తోటలో తిరిగే ఆటకు సాటి మరొకటి లేదు. గుహ కథ వానాకాలపు సాయంత్రానికి మాత్రమే.

ఇందులో తుపాకీ పేలుళ్లు ఉన్నాయి కనుక పసివారికి వద్దు. మాటలు ఇంగ్లీషులో ఉంటాయి కనుక హైస్కూలు పిల్లలకు నాలుగు ముక్కలు చదివే అలవాటు అబ్బుతుంది. రోజుకు అరగంట, అదీ పెద్దల ఎదుట ఆడితే చాలు.

పెద్దలకు ఒక మాట

పిల్లవాడు ఆడుతున్నది ఏదైనా మూడు ప్రశ్నలు వేయండి. ముందు డబ్బు కట్టమంటోందా? గెలిస్తే డబ్బు వస్తుందంటోందా? బ్యాంకు వివరాలు, ఓటీపీ అడుగుతోందా? వీటిలో ఒక్కదానికి ‘అవును’ అని జవాబొచ్చినా వెంటనే మాన్పించండి. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి.

తిట్టి ఫోను లాక్కోవడం కంటే పక్కన కూర్చుని ‘ఏం ఆట నాయనా’ అని అడగడం మేలు. దాచుకునే ఆట ఏదో, చూపించుకునే ఆట ఏదో అప్పుడే తేలిపోతుంది.