ఇసుక మీద ఒక రాత్రి: సంచిలో ఏమేమి ఉండాలి?

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట అంతర్వేది ఉన్నది. మాఘ శుద్ధ దశమి రాత్రి అక్కడ లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మరునాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం జరుగుతాయి. రెండూ చూడాలంటే రాత్రి అక్కడే గడపాలి. రాజోలు నుంచో, అమలాపురం నుంచో, కొత్తపేట నుంచో మీ కుటుంబం మొదటిసారి అలా బయలుదేరుతున్నదనుకోండి. అయిదుగురు మనుషులు, ఒక రాత్రి, ఒక పగలు. సంచిలో ఏమి పెట్టాలి? కొట్లో కనిపించినవన్నీ కొననక్కరలేదు. మన శరీరానికి ఏమేమి అవసరమో ఆలోచిస్తే చాలు.

పైన కప్పు

పన్నెండడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు గల టార్పాలిన్, రెండు వెదురు గెడలు, గట్టి తాడు ఉంటే గుడారం సిద్ధమే. అయితే ఇసుకలో మేకు నిలవదు. ఇసుక రేణువులు ఒకదానికొకటి అంటుకొని ఉండవు గనుక కాస్త లాగితే ఊడి వస్తుంది. దీనికి ఉపాయం మన కొబ్బరితోటలోనే ఉన్నది. మూరెడు కొబ్బరిమట్ట ముక్కకు నడుమ తాడు కట్టి, అడుగున్నర లోతు గుంటలో అడ్డంగా పెట్టి, ఇసుక కప్పి తొక్కండి. ఇప్పుడు తాడు ఊడాలంటే మట్టతోబాటు దానిపైనున్న ఇసుక అంతా కదలాలి.

గాలి వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. అందుచేత గుడారాన్ని పొట్టిగా కట్టాలి. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది కనుక సముద్రం మీదనుంచి గాలి వీస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది కనుక గాలి ఎదురు దిక్కుకు తిరగవచ్చు. కాబట్టి రెండు వైపులా తాళ్ళు సమానంగా బిగించాలి.

కింద పరుపు

పైన రెండు దుప్పట్లు కప్పుకొని, కింద ఉత్త ఇసుక మీద పడుకున్నవాడు తెల్లవార్లూ వణుకుతాడు. ఎందువల్ల? చెమ్మగా ఉన్న ఇసుక శరీరంలోని వేడిని వహనం ద్వారా లాగేస్తుంది. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేడిని ప్రసరింపజేస్తుంది. కదలని గాలి మాత్రం అధమ ఉష్ణవాహకం. అందువల్ల ముందు చెమ్మ రాకుండా ప్లాస్టిక్ పట్టా, దానిమీద ఎండుగడ్డి, పైన చాప వేయాలి. గడ్డిపరకల మధ్య చిక్కుకున్న గాలే మన పరుపు. ఒక మందపు దుప్పటికి బదులు రెండు పలుచనివి తీసుకువెళ్ళండి. వాటి మధ్య కూడా గాలిపొర ఉంటుంది. దుప్పటి తడిసిందా, ఆ గాలి స్థానంలో నీరు చేరి లాభం పోతుంది.

దోమతెర కొనేముందు గుడ్డమీద అంగుళం చదరం గీసి, రెండు అంచుల వెంట రంధ్రాలు లెక్కించి గుణించండి. సుమారు 156 ఉంటే మంచి తెర. దాని అంచులను చాప కిందికి దోపాలి.

నీరు, నిప్పు, వెలుగు

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున అయిదుగురికి పదిహేను లీటర్లు, అంటే పదిహేను కిలోలు! సంచిలో అన్నిటికంటే బరువైనది ఇదే. అయినా దీన్ని మాత్రం తగ్గించకూడదు. సముద్రం దగ్గర బావినీరు ఉప్పగా ఉండవచ్చు. విరేచనాలు పట్టుకుంటే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి.

వెలుగుకు టార్చిలైటు మేలు. పొయ్యి, లాంతరు గుడారం లోపల పెట్టకండి. నిప్పంటుకునే ప్రమాదం ఒకటి. వాసన, రంగు లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు మరొకటి. ఒక ఈల కూడా ఉంచండి. జనంలో తప్పిపోయిన తమ్ముడి కేకకంటే ఈల చప్పుడు దూరం వినిపిస్తుంది. నది సముద్రంలో కలిసే మొగలో మాత్రం స్నానానికి దిగవద్దు. అక్కడి ప్రవాహాలు ఈతగాళ్ళనే లాగుకుపోతాయి.

గోదారి పొంగితే

ఈ సంచికి తీర్థం కంటే పెద్ద పని ఒకటి ఉన్నది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 17 లక్షల క్యూసెక్కులకు చేరితే మూడవ ప్రమాద హెచ్చరిక ఇస్తారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. 2022 జూలైలో ఆ ప్రవాహం 25 లక్షలు దాటింది. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షలకు చేరింది. అటువంటప్పుడు లంకల్లోని కుటుంబాలు ఇళ్ళు విడిచి రావలసి ఉంటుంది. ఏటిగట్టు మీద తలదాచుకునేవారికి కావలసినవి కూడా ఇవే: కప్పు, పొడి పరుపు, దోమతెర, మంచినీరు, వెలుగు. వీటికి తోడు రేషను కార్డు, పెద్దవాళ్ళ మందులు, మీ సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి పెట్టాలి.

తుఫానుకు మాత్రం గుడారం పనికిరాదు. 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమ కొబ్బరిచెట్లనే కూల్చివేసింది. అప్పుడు పక్కా భవనమే శరణ్యం; సంచి మాత్రం వెంట రావాలి.

మీ పెరట్లో ఒక సాయంత్రం గుడారం కట్టి చూడండి. మొదటిసారి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. తరువాత చీకటిలో, టార్చి వెలుగున మళ్ళీ కట్టండి. ఏ వస్తువు మరచిపోయారో అప్పుడే తెలుస్తుంది.