పద్దెనిమిదేళ్లు నిండాక మన బిడ్డ ఏం చేయాలి?

“మా తర్వాత వీడిని చూసేదెవరు?” బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల తల్లిదండ్రులను రాత్రింబవళ్లు వేధించే ప్రశ్న ఇది. బిడ్డ చిన్నగా ఉన్నంతకాలం దాన్ని పక్కకు నెడుతూ వస్తాం. మీసాలొచ్చిన కుర్రాడికి అమ్మీ ఇంకా ముద్దలు కలిపి పెడుతుంది. అబ్బా చొక్కా గుండీలు పెడతాడు. ప్రేమతో చేసే ఈ పనులే బిడ్డ చేతులను కట్టేస్తున్నాయని గమనించం.

పద్దెనిమిదో ఏడు ఇలాంటి కుటుంబాలకు పెద్ద మలుపు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 40 శాతం, అంతకు మించి వైకల్యం గల పిల్లలకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది. అయితే అది 6 నుండి 18 ఏళ్ల వరకే. ఆ పిదప ఎందరో ఇంట్లో ఒక మూల కూర్చుండిపోతారు. నేర్చుకున్నదీ మరచిపోతారు.

ఈ మలుపు దాటడానికి తోడ్పడేది ఆక్యుపేషనల్ థెరపీ. పేరు విని ఇది ఉద్యోగాలిప్పించే పథకమని అనుకోరాదు. స్నానం, దుస్తులు, భోజనం, వంట, ప్రయాణం, బజారు, సంపాదన - మనిషి రోజూ చేసుకునే పనులన్నీ దీని పరిధిలోనివే. మన దేశంలో ఈ విద్యకు తొలి పాఠశాలను 1950లో బొంబాయిలో కమలా నింబ్కర్ ప్రారంభించారు.

ఇందులో నేర్పే తీరు మనకు కొత్తదేమీ కాదు. మక్తబ్‌లో ఖాయిదా చెప్పేటప్పుడు ముందు ఒక్కో అక్షరం, తర్వాతే పదం నేర్పుతాం. ఇక్కడ పనిని అలా మెట్లుగా విడగొడతారు. వుజూనే తీసుకోండి. చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతులు, తల, పాదాలు - ఒక్కోదానికి ఒక్కో బొమ్మ గీసి కుళాయి పైన వరుసగా అంటిస్తారు. మొదట చేయి పట్టి చేయిస్తారు. తర్వాత వేలితో చూపిస్తారు. చివరకు దూరంగా నిలబడతారు. గుండీలైతే అన్నీ మనమే పెట్టి, చివరిది బిడ్డకు వదలాలి. అది వచ్చాక చివరి రెండు. వేళ్లు బిగియనివారికి చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తారు, గుండీల చోట వెల్‌క్రో కుడతారు.

సంపాదన మాట కూడా 14, 15 ఏళ్లకే ఆలోచించాలి. బిడ్డకు ఏది ఇష్టమో ముందు వాడినే అడగాలి. శబ్దం భరించలేనివాణ్ణి వెల్డింగ్ దుకాణంలో పెడితే రెండో రోజే పారిపోతాడు. అదే పిల్లవాడు నిశ్శబ్దంగా ఉన్నచోట పొట్లాలు కట్టడం, కవర్లు అతికించడం ఓపికగా చేయవచ్చు. చిల్లర లెక్క, బస్సు ఎక్కి దిగడం ముందుగానే అలవాటు చేయాలి.

ఆడపిల్లల సంగతి మరీ ముఖ్యం. నెలసరి శుభ్రత తానే చూసుకోవడం, ఎవరైనా తాకరాని చోట తాకితే వద్దని అరవడం, వచ్చి అమ్మీకి చెప్పడం నేర్పాలి. సిగ్గుపడి నేర్పకుండా ఉంటే నష్టపోయేది ఆ పిల్లే.

చట్టం విషయం కూడా తెలుసుకోవాలి. బిడ్డకు 18 నిండితే తల్లిదండ్రులు తమంతట తామే చట్టబద్ధ సంరక్షకులు కారు. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం ఉన్నవారికి సంరక్షకుడు అవసరమైతే, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేయాలి.

సలహా కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉంది. జిల్లా ఆసుపత్రిలోనూ విచారించవచ్చు. అయితే థెరపిస్టు దగ్గర గడిపేది వారంలో గంటో రెండు గంటలో. మిగతా కాలమంతా ఇంట్లోనే. కనుక రేపు ఉదయం బిడ్డ చొక్కా చివరి గుండీ పెట్టకండి. ఆలస్యమైనా సరే, వాడే పెట్టుకునేదాకా పక్కన కూర్చోండి.