ఆ నూరుగురు ఎవరు?

పిల్లల టీకాల గురించి ఏటా ఏదో ఒక శాతం పత్రికల్లో వస్తుంది. శాతం కూడా భిన్నమే కాబట్టి దానికీ లవం, హారం ఉంటాయి. లవం అంటే టీకా వేయించుకున్న పిల్లలు. ఆ లెక్క టీకా వేసిన చోటే తేలుతుంది. టీకా వేసే ఆరోగ్య కార్యకర్త (ఏఎన్‌ఎం) రిజిస్టరులో పేరు రాస్తారు, వాడిన సీసాలూ సిరంజీలూ దానికి సరిపోతున్నాయో లేదో చూసుకోవచ్చు. హారం అంటే అసలు టీకా వేయాల్సిన పిల్లలు. వాళ్లెందరో చెప్పేదెవరు? టీకా కేంద్రానికి రాని బిడ్డ పేరు ఏ రిజిస్టరులోనూ లేకపోవచ్చు. ఒక రాష్ట్రం టీకాల్లో ఎక్కడుందో తెలియాలంటే వేసిన డోసుల్ని ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టినా చాలదని, వేయాల్సిన పిల్లలెవరో ముందు పేరుపేరునా తెలియాలని నా వాదన.

ప్రస్తుతం ఈ హారాన్ని ఎక్కువగా అంచనాతోనే నింపుతున్నారు. ఒక ఉపకేంద్రం పరిధిలో జనాభా ఇంత, జననాల రేటు ఇంత, కాబట్టి ఈ ఏడాది ఇందరు పిల్లలు పుడతారని లెక్కగడతారు. మన చివరి జనగణన 2011 నాటిది. 2021లో జరగాల్సింది వాయిదా పడింది. ఈలోగా రెండు మార్పులు వచ్చాయి. ఒకటి, జననాలు తగ్గాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం స్త్రీకి సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7 మంది, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. పాత రేటుతో లెక్కగడితే హారం పెరిగిపోతుంది, పుట్టని పిల్లలకు టీకా వేయలేదని ఏఎన్‌ఎం మాట పడాల్సి వస్తుంది. రెండోది వలస. జనం చేరే నగరంలో హారం చిన్నదై శాతం నూరు దాటుతుంది. జనం ఖాళీ అయ్యే మండలంలో ఇది తిరగబడుతుంది. కోవిడ్ కాలంలో ఇదంతా అందరి కళ్లముందే జరిగింది. 2021 డిసెంబరు చివర్లో తెలంగాణలో అర్హులందరికీ మొదటి డోసు పూర్తయిందని ప్రకటించారు. ఆ తర్వాతా మొదటి డోసులు పడుతూనే వచ్చాయి, శాతం నూరు దాటింది. తప్పుడు లెక్కలని కొందరు అనుమానించారు గానీ, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి ఇక్కడ పనిచేసుకుంటున్నవాళ్లు ఇక్కడే టీకా వేయించుకోవడం దానికి ఒక సహజమైన కారణం. నూరు దాటిన శాతం మాత్రం టీకా అందనివాళ్లు ఎందరో చెప్పలేదు.

పిల్లల టీకాల్లో ఇంకో చిక్కుంది. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. బిడ్డకు పుట్టగానే వేసే బీసీజీ, హెపటైటిస్-బి పుట్టింటి ఊళ్లో పడతాయి. ఆరు, పది, పద్నాలుగు వారాల పెంటావాలెంట్ డోసుల్లో ఒకటి అక్కడ, రెండు అత్తవారింట్లో. తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా టీకా నాటికి తల్లిదండ్రులు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండొచ్చు. ఒకే బిడ్డ మూడు చోట్ల లవంలోకి వస్తుంది, హారంలో ఏ ఊరికీ చెందదు. ప్రైవేటు ఆసుపత్రిలో వేసిన డోసు ప్రభుత్వ లెక్కలోకి రాకపోతే ఆ గందరగోళం ఇంకొంత పెరుగుతుంది.

హారం బాధ లేని దారి ఒకటుంది, అదే నమూనా సర్వే. ఇళ్లకు వెళ్లి, ఆ ఇంట్లోని బిడ్డకు టీకాలు పడ్డాయా అని అడిగితే లవమూ హారమూ ఒక్కచోటే దొరుకుతాయి. దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలం వాడిన పద్ధతి చాలా తేలిక. 30 ఊళ్లు లేదా వాడలు ఎంచుకుని, ఒక్కోచోట ఏడుగురు చొప్పున 210 మంది పిల్లల్ని చూస్తారు. అయిదు కోట్ల జనాభాకు 210 మంది ఏం సరిపోతారని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ నమూనా కచ్చితత్వం ప్రధానంగా ఆధారపడేది నమూనా పరిమాణం మీద, జనాభా పరిమాణం మీద దాని ఆధారం నామమాత్రం. 210 మందితో అసలు శాతానికి అటూ ఇటూ పది లోపు అంచనా వస్తుంది. రాష్ట్రం బాగుందా లేదా చెప్పడానికి అది చాలు, ఏ మండలం వెనకబడిందో చెప్పడానికి చాలదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దీనికన్నా ఎంతో పెద్దది. ఆంధ్రప్రదేశ్‌లోనే 11 వేల పైచిలుకు ఇళ్లు తిరిగారు. అయినా 12 నుంచి 23 నెలల వయసు పిల్లలు వాటిలో వందల్లోనే దొరుకుతారు, జిల్లాలవారీగా పంచితే పదుల్లోకి దిగుతారు. అందుకే ఆ సర్వే నివేదికల్లో 25 నుంచి 49 మంది మీద లెక్కగట్టిన శాతాన్ని బ్రాకెట్లలో వేస్తారు, 25 కన్నా తక్కువ ఉంటే అంకె బదులు నక్షత్రం గుర్తు పెడతారు. జిల్లా పట్టికలు చదివేటప్పుడు ముందు చూడాల్సింది ఆ బ్రాకెట్లనే.

తల్లి జ్ఞాపకం మీద నడిచే సర్వేను నమ్మేదెలా అని ఇంకో ప్రశ్న. అదే సర్వేలో దీనికి కొంత జవాబుంది. కార్డులో ఉన్నదీ తల్లి చెప్పినదీ రెండూ కలిపితే దేశంలో అన్ని ప్రాథమిక టీకాలూ పడిన పిల్లలు 76.4 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 73, తెలంగాణలో 79. కార్డు చూపిన పిల్లల్ని మాత్రమే తీసుకుంటే దేశం మొత్తానికి 83.8 వస్తుంది. ఈ రెండో అంకే నిజమనుకోకూడదు. కార్డు భద్రంగా దాచుకున్న ఇల్లు టీకాలకూ వేళకు వెళ్లే ఇల్లే అయి ఉంటుంది. కార్డు లేని ఇళ్లను వదిలేస్తే మనం వెతుకుతున్న పిల్లల్నే వదిలేసినట్టు. మొదటి అంకెలోనూ మరుపు వల్ల కొంత తగ్గుదల ఉండవచ్చు. అసలు విలువ ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుందనుకోవడం సబబు.

సగటు బాగుంటే చాలదా అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. చాలదు. తట్టు సోకిన ఒకరి నుంచి, ఎవరికీ రక్షణ లేని చోట, 12 నుంచి 18 మందికి అంటుతుంది. దాన్ని ఆపాలంటే నూటికి 92 నుంచి 94 మందికి రక్షణ ఉండాలి. టీకా అందరిలోనూ పనిచేయదు కాబట్టి 95 శాతం మందికి రెండు డోసులు పడాలంటారు. ఇప్పుడు పది మండలాల జిల్లాను ఊహించండి, పిల్లలు అన్నిచోట్లా సమానం. తొమ్మిదింటిలో 98 శాతం, ఒకదానిలో 68 శాతం. జిల్లా సగటు సరిగ్గా 95. కాగితం మీద లక్ష్యం చేరినట్టే. ఆ పదో మండలంలో మాత్రం ప్రతి వందమందిలో 32 మంది పిల్లలు తట్టుకు చేరువలో ఉన్నారు. 2022లో ముంబయి గోవండీ ప్రాంతంలో తట్టు పిల్లల ప్రాణాలు తీసింది ఇలాంటి గుంపుల్లోనే. కేరళలాంటి రాష్ట్రంలో, మలప్పురం జిల్లాలో, డిఫ్తీరియా తిరిగొచ్చిందీ ఇలాగే. మన దగ్గర ఈ పదో మండలం ఎక్కడుంటుందో ఊహించడం కష్టం కాదు: ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ములుగు, భద్రాద్రి అడవుల్లో ఉంటున్న గుత్తికోయల గూడేలు, ఒడిశా కూలీలు ఉండే ఇటుక బట్టీలు, మిర్చి కోతలకు గుంటూరు వైపు వెళ్లే కర్నూలు పల్లెలు.

ఈ చిక్కులన్నీ, టీకాలను ఆన్‌లైన్‌లో నమోదు చేసే యూ-విన్ తీరుస్తుందని ఇప్పుడు చాలామంది ఆశ. 2023 జనవరిలో ప్రతి రాష్ట్రంలో రెండేసి జిల్లాలతో ఇది ప్రయోగాత్మకంగా మొదలైంది. బిడ్డ ఏ ఊళ్లో టీకా వేయించుకున్నా ఒకే ఖాతాలో పడుతుంది కాబట్టి పుట్టిల్లు, అత్తిల్లు చిక్కు తీరుతుంది. ఇది నిజంగా పెద్ద మేలు. అయినా అది సరిచేసేది ప్రధానంగా లవాన్నే. ఎవరూ నమోదు చేయని బిడ్డ యాప్‌లోనూ ఉండదు. హారం కోసం ఇంటింటి సర్వే కావాలి, జనన నమోదుతో జత కలపాలి, ప్రైవేటు ఆసుపత్రుల డోసులు రావాలి. పిల్లల వివరాలన్నీ ఒకేచోట చేరితే గోప్యత మాటేమిటన్న భయం న్యాయమైనదే. పేర్లు ఆ ఊరి ఆరోగ్య కార్యకర్తకు, అంకెలు మాత్రం పైవాళ్లకు కనిపించేలా చేస్తే ఆ భయం చాలావరకు తీరుతుంది.

యాప్‌లకు ముందు నుంచీ ఈ పని చేస్తున్న సాధనం ఒకటుంది. ఏఎన్‌ఎం దగ్గర గుడ్డతో కుట్టిన సంచి. దానికి నెలకొకటి చొప్పున అరలు. టీకా కార్డులో చింపి తీసుకున్న సగం ముక్కను, ఆ బిడ్డ మళ్లీ ఏ నెలలో రావాలో ఆ అరలో పెడతారు. నెలాఖరుకు అరలో మిగిలిన ముక్కలే రాని పిల్లలు. ఆశా కార్యకర్త వెళ్లి తట్టాల్సిన తలుపులేవో అవే చెబుతాయి. ఊరు వదిలినవాళ్లకూ, టీకాలు పూర్తయినవాళ్లకూ వేరే అరలుంటాయి. శాతం చేయలేని పని ఈ సంచి చేస్తుంది: లోటును పేరుతో చూపిస్తుంది. కొత్త సాంకేతికత ఈ సంచిలా పనిచేయాలి. ఒకే పేరు నాలుగు రిజిస్టర్లలోనూ రెండు యాప్‌లలోనూ రాయించి, ఏఎన్‌ఎంకు ఇల్లు తిరిగే వేళే లేకుండా చేస్తే వచ్చేది కాగితం మీది శాతమే.

ప్రభుత్వాలు జిల్లా సగటుతో ఆగకుండా మండలాలవారీ అంకెలు, వాటికి వాడిన హారం ఎక్కడిదో కూడా ప్రకటించాలి. తల్లిదండ్రులు చేయగలిగింది చిన్నదే అయినా విలువైనది. ఊరు మారినప్పుడు బిడ్డ కార్డు వెంట తీసుకెళ్లి, కొత్త ఊరి ఏఎన్‌ఎంకు చూపించి, పేరు నమోదు చేయించండి. మీ వీధిలో కొత్తగా దిగిన కూలీల ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఆశా కార్యకర్తకు ఆ సంగతి చెప్పండి.