సైకాలజిస్టుకూ ‘రెన్యువల్’ ఉంది!

మండవల్లి నుంచి డిగ్రీ ఫైనలియర్ అమ్మాయి మెసేజ్ పెట్టింది. ‘అన్నా, ఆన్‌లైన్‌లో మూడు నెలల కౌన్సెలింగ్ కోర్సు చేస్తే సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవచ్చంటున్నారు. ఫీజు కట్టేయమంటారా?’

నాది ఇంజినీరింగ్. రాసేది ఫోన్లు, యాప్‌ల గురించి. అయినా కూర్చుని నిబంధనలు తిరగేశా.

క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు చదివి, దాని కేంద్ర రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. నిపుణుల పర్యవేక్షణలో రోగులతో పనిచేసిన శిక్షణ ఉండాలి. వీడియోలు చూస్తే వచ్చేది కాదది. మిగతా సైకాలజిస్టులు 2021 నాటి అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కిందికి వస్తారు.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. అందుకు ఆ ఐదేళ్లలో 100 సీఆర్‌ఈ పాయింట్లు, అంటే కంటిన్యూయింగ్ రిహాబిలిటేషన్ ఎడ్యుకేషన్ పాయింట్లు, కూడబెట్టాలి. ఆర్‌సీఐ ఆమోదించిన వర్క్‌షాపులు, సెమినార్లకు హాజరైతే ఇవి వస్తాయి. మనకు దగ్గర్లో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ వీటిని నిర్వహిస్తుంది. వెబినార్ చేసి ఈ-సర్టిఫికెట్ ఇచ్చినంత మాత్రాన పాయింట్లు వచ్చినట్టు కాదు. ఆమోదం ఉందో లేదో డబ్బు కట్టకముందే అడగాలి.

ఉద్యోగం వచ్చాక కూడా ఈ చదువేంటి అనుకుంటున్నారా? 2010లో పాసైనవాళ్లు ఆస్పర్జర్స్‌ను విడి సమస్యగా చదువుకున్నారు. 2013లో డీఎస్‌ఎం-5 దాన్ని ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపేసింది. 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్ చేరింది. మన దగ్గర 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాక ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు. వేరేలా రుజువైతే తప్ప. ఇది తెలియని కౌన్సెలర్, సాయం కోసం వచ్చినవాళ్లను పోలీసు కేసంటూ భయపెట్టే ప్రమాదముంది.

కొల్లేరు పక్క ఊళ్లలో ఇది దూరపు సంగతేం కాదు. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి చెరువులో పంట తేలిపోతుంది. అప్పు మాత్రం మిగులుతుంది. నిద్రపట్టని ఆ రైతు ఎవరి ముందు కూర్చుంటాడు? పాత నోట్సు ముందా? (అత్యవసరమైతే టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు.)

ఆ అమ్మాయి ఫీజు కట్టలేదు. ఎమ్మెస్సీ సైకాలజీ సీట్ల కోసం చూస్తోంది. ‘ఇంకా చదువేనా’ అంటున్నారట ఇంట్లో. ఐదేళ్లకోసారి రెన్యువల్ సంగతి వాళ్లకింకా చెప్పలేదట.